బిర్సానగర్‌లో స్లాబు వేసిన ఆదివారం

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి విజయనగరంలో హౌరా మెయిలు ఆడవాళ్ల పెట్టె ఎక్కాను. ఒంటరిగా అదే నా మొదటి ప్రయాణం. జంషెడ్‌పూర్‌లో అక్కకి ఏడో నెల. ఆదివారం ఇంటికి స్లాబు వేస్తున్నామనీ, వంటకి సాయం రమ్మనీ ఉత్తరం రాసింది. నాన్నకి సెలవు దొరకలేదు. ఎదురుగా కూర్చున్న ముసలామె, "దిగీవరకూ ఆ ట్రంకుపెట్టి మీదే కూకో పిల్లా. నిద్రొత్తే నన్ను లేపు" అంది. ఆమె పలాసలో దిగిపోయాక నేనిక కన్ను మూయలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి ఖరగ్‌పూర్. అక్కడ బండి మారాలి. జంషెడ్‌పూర్ స్టేషను పేరు టాటానగర్, అక్కడికి పాసింజరు ఆరింటికి. ఈలోగా ప్లాట్‌ఫారం మీద టీ, పూరీలు దొరుకుతాయి. పదిన్నరకి టాటానగర్‌లో బావ కనిపించేదాకా ట్రంకుపెట్టె పిడి వదల్లేదు.

అక్కవాళ్లుండే బిర్సానగర్‌లో ఇళ్లు కట్టుకునేవాళ్లకి ఒక పద్ధతుంది. ఈ ఆదివారం ఒకరి స్లాబైతే పై ఆదివారం ఇంకొకరిది. చుట్టుపక్కలవాళ్లంతా వచ్చి చెయ్యేస్తారు. తెలుగు, ఒడియా, సంతాలీ, ఎవరి మాట వారిదే. వెదురు పరంజా మీద మెట్టుకొకరు నిలబడి సిమెంటు కలిపిన కంకరమాలు తట్టలు పైకి అందిస్తారు. అందుకున్న మనిషి "హా" అనేవరకూ అందించిన మనిషి తట్ట వదలకూడదు.

ఎనిమిదింటికి మొదలైంది. పదకొండుకి దల్మా కొండల వైపు మబ్బు పట్టింది. స్లాబు సగంలో ఆపితే ఆ అతుకు ఎప్పటికీ కారుతూనే ఉంటుందని బావ కంగారు పడ్డాడు. అప్పుడే పరంజా మీద ఒకామెకి కళ్లు తిరిగితే కిందికి దించేశారు. ఆ ఖాళీలోకి వెళ్లడానికి అక్క లేవబోయింది. ఆ కడుపుతో ఎక్కుతుందేమోనని నేనే కొంగు బిగించి ఎక్కాను.

పలకల సందుల్లోంచి కింద ఇటుకముక్కలు కనిపించాయి. నా కింది మెట్టు మీద అక్కవాళ్ల పక్కింటి నరసమ్మ, పై మెట్టు మీద సోంబారి. సోంబారి కూలిపనికి రోజూ పరంజాలెక్కే సంతాలీ ఆమె. తట్ట నా చేతుల్లోకి వచ్చింది. "హా" అన్నాను. నరసమ్మ వదల్లేదు. మళ్లీ అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. కింద తట్టలన్నీ ఆగిపోయాయి. ఒక చినుకు చెంప మీద పడింది.

"నోట్లో ఏటి, అట్లకాడ పెట్టీసుకున్నావా?" అంది నరసమ్మ. "నువ్వనకపోతే నానొగ్గను. ఒగ్గితే పడీది నా నెత్తిమీదే."

అరిచాను. కింద ఎవరో నవ్వారు. తట్ట కదిలింది. తర్వాత ఎన్ని అందించానో తెలీదు. ప్రతిదానికీ కాలు జారుతుందనే అనుకున్నాను. రెండుంబావుకి చివరి తట్ట పైకి వెళ్లింది. వాన పెద్దదయ్యేసరికి స్లాబు మీద టార్పాలిన్లు కప్పేశారు.

భోజనాల దగ్గర సోంబారి నా పక్కన కూర్చుంది. పైన భయం వెయ్యదా అని వచ్చీరాని హిందీలో అడిగాను.

"రోజూ ఎక్కుతాను, రోజూ భయమే," అంది. "అందుకే 'హా' అని అంత గట్టిగా అంటాను."

మూడు వారాలకి స్లాబు కింద ఆనించిన సెంట్రింగు చెక్కలు విప్పారు. ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. బావ దీపం పట్టుకుని కప్పంతా వెతికాడు. ఎక్కడా చెమ్మ లేదు. మర్నాడు నేను తిరుగుబండి ఎక్కాను.

బిర్సానగర్ వెళ్లేవాళ్లని ఏదో ఒక ఆదివారం పరంజా మీదికి పిలుస్తారు. వెళ్లండి. భయమేస్తే పక్కవాళ్లకి చెప్పండి. నవ్వుతారు, తర్వాత తట్ట ఇంకాస్త గట్టిగా పట్టుకుంటారు.