నాయన నడిచిన దూరం

నిన్న మా పాప సైన్సు పుస్తకంలో దూరం, స్థానభ్రంశం పాఠం చూడగానే ధర్మవరంలో మా వీధి, రంగు అద్దిన తడిపట్టు వాసన గుర్తొచ్చాయి. మగ్గాల ఇళ్ళలో పెరిగినవాళ్ళారా, మీకూ గుర్తుందా? మగ్గానికెక్కించే నిలువు పోగుల పట్టు పడుగు వీధి పొడవునా చాపితే మనం దాని కింద దూరి తిట్లు తినేవాళ్ళం. మా నాయన తెగిన పోగులు ముడివేస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ ఈ కొసకు పొద్దంతా నడిచేవాడు.

తొమ్మిదో తరగతిలో ఆ పాఠం విన్న సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని, వాచిన కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఉన్నాడు.

"నాయనా, ఎంత నడిచినా బయల్దేరిన చోటికే వస్తే స్థానభ్రంశం సున్నా. నీదీ సున్నానే" అన్నాను గొప్పగా.

"అంటే ఏమప్పా, పొద్దన్నుంచీ నేను యాడికీ పోల్యా?"

"పోలేదు" అని నవ్వాను. నాయన నవ్వలేదు. కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇదంతా చెబితే మా పాప కూడా అదే అడిగింది. "అంత నడిచినా తాత యాడికీ పోలేదా నాన్నా?"

ఈసారి నేను సున్నా అనలేదు.

"నన్ను చదివించి, హిందూపురంలో ఈ ఇంటి దాకా వచ్చినాడమ్మా" అన్నాను.

ఇల్లు పూర్తి కాకముందే పోయిన నాయన ఈ గడప ఒక్కసారీ తొక్కలేదు.