అత్తాకోడళ్ళు ఒక కుటుంబమా, కాదా

డిగ్రీలో నాకు సహకార సంఘాల మీద ఒక పేపరుండేది. స్వచ్ఛంద సభ్యత్వం, మనిషికొక ఓటు, సభ్యుల చేతిలోనే పెత్తనం అని పరీక్ష ముందు రోజు బట్టీపట్టి, హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోయాను. ఆ మాటలకి అర్థం మళ్ళీ నేర్పింది జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు.

తొంభైల చివర్లో మేం నర్సీపట్నంలో బలిఘట్టం వెళ్ళే దారిలో అద్దెకుండేవాళ్ళం. మధ్యాహ్నమైతే మా వీధి అరుగుల మీద టకటకమని ఒకటే చప్పుడు. వ్యాపారి కాల్చిన పిక్కలు బస్తాల్లో దించిపోయేవాడు. వీళ్ళు కొట్టి, పొట్టు తీసి, విరగని గుండ్లు వేరు, విరిగిన బద్దలు వేరు చేసి అప్పజెప్పాలి. ఏది గుండో ఏది బద్దో తేల్చి కూలి కట్టేది మాత్రం ఆయనే. మన కంటికి నిండుగా కనిపించిన గుండు ఆయన చేతిలోకెళ్ళగానే బద్దయిపోయేది. "మీరే సంఘం పెట్టుకుని మీరే పిక్కలు కొనుక్కోకూడదా" అని ఒకరోజు అనేశాను. ఏదో ఒకటి అనేయడం నాకు అలవాటే. ఆ రోజు నా ఖర్మకొద్దీ వినే మనిషి ఉంది.

ఆవిడ ఎదురింటావిడ. వీధంతా అత్తా అనే పిలిచేవారు. గుండు చెదరకుండా పిక్క కొట్టడం అందరికీ నేర్పింది ఆవిడే. "సంఘవంటే ఏటి సెయ్యాలో సెప్పు. సేసీద్దాం" అంది. మర్నాటికల్లా తొమ్మిదిమందిని వెంటేసుకొచ్చి మా వసారాలో కూర్చోబెట్టింది.

అప్పటికి సహకార సంఘాలకి కొత్త చట్టం వచ్చింది. సర్కారు పెత్తనం తక్కువ, సభ్యుల మాట ఎక్కువ. నేను పుస్తకం ముందు పెట్టుకుని నియమావళి చదువుతుంటే ఒకామె అడిగింది, "నాను రెండు వాటాలు తీసుకుంటే రెండోట్లా?"

"పది తీసుకున్నా ఎత్తే చెయ్యి ఒకటే" అన్నాను.

"దానికి నోళ్ళు రెండున్నాయి గాని సెయ్యి ఒకటేలే" అంది అత్త.

ఈలోగా వ్యాపారి భార్య వచ్చి, పాపం మీకు అనుభవం లేదు కదా, అధ్యక్షురాలిగా నేనుంటాలెండి అంది. ఆవిడ వెళ్ళిన వెంటనే నేనొక నిబంధన రాయించాను. కనీసం నెల్లాళ్ళు తన చేత్తో పిక్కలు కొట్టినవాళ్ళకే సభ్యత్వం. సంఘం ఎవరి పనికోసమో వాళ్ళే సభ్యులుగా ఉండాలి, లేకపోతే అది సంఘం కాదు, ఇంకొకరి కొట్టు. ఆ నిబంధన రాసినందుకు ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

దరఖాస్తు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది అత్త సొంత కోడలు. పదోక్లాసు దాకా చదివింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. పప్పులో చింతపండు వెయ్యాలా వద్దా అనే విషయం మీద అయిదేళ్ళ కిందట వేరుపడ్డారు. అప్పట్నుంచి ఒకరితో ఒకరు మాట్లాడాలంటే గోడకి చెప్పేవారు. ఇవతలి మనిషి గోడతో అంటే అవతలి మనిషి గోడకే జవాబిచ్చేది. చట్టం మాత్రం సంఘం పెట్టాలంటే కనీసం పదిమంది కావాలంది, ఆ పదిమందీ పది వేరువేరు కుటుంబాల వాళ్ళయి ఉండాలంది. మా పదిమందిలో వీళ్ళిద్దరూ ఉన్నారు.

అందరం విశాఖ బస్సెక్కి సంఘాలు రిజిస్టరు చేసే ఆఫీసుకి వెళ్ళాం. గుమస్తా గారు కాయితాలు తిప్పి, "ఇద్దరికీ ఇంటి నంబరు ఒకటే ఉంది. ఒకే కుటుంబం కదమ్మా" అన్నారు.

"పొయ్యి వేరండీ. పొయ్యి వేరైతే కుటుంబం వేరే" అన్నాను.

"రుజువేదీ?"

రుజువంటే అత్తకి హుషారొచ్చింది. అయిదేళ్ళ తగువులన్నీ వరసపెట్టి చెప్పుకొచ్చింది. కోడలు కూడా తగ్గలేదు, మధ్యమధ్యలో తప్పులు దిద్దింది. గుమస్తా గారు నమ్మారు. కలం తీసి మూత కూడా విప్పారు. అప్పుడు అత్త అంది, "బేగి తేల్సండి బాబూ. బస్సులో దీనికి కడుపులో తిప్పీసింది. పొద్దున్నుంచి ఏటీ తిన్లేదు. ఇంటికెల్లి ఇంత సారన్నం ఎట్టాలి దీనికి."

గుమస్తా గారు కలానికి మూత పెట్టేశారు. నేను అరగంట వాదించాను. ఆయన నవ్వుతూనే ఉన్నారు, కలం మాత్రం మళ్ళీ తియ్యలేదు.

తిరుగు బస్సులో లెక్క తేలిపోయింది. ఇద్దరిలో ఒకరు తప్పుకోవాలి, బయటినుంచి ఇంకొకరు రావాలి. నేను చట్టం వివరించాను. పది కుటుంబాల నిబంధన సంఘం పుట్టించేటప్పుడే. రిజిస్టరయ్యాక అదే ఇంట్లోంచి ఇంకొకరు చేరొచ్చు, కాకపోతే సభ్యులు సరేనని చేర్చుకోవాలి. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తోంది. సంఘం ఆలోచన పట్టుకుని వీధి వీధీ తిరిగింది అత్త. నేనైతే తప్పుకునేదాన్ని కాదు.

"దాని పేరుంచీ. దానికి రాయడవొచ్చు" అంది అత్త. "నాను తర్వాత సేరతాన్లే."

"చేర్చుకోకపోతే?" అంది పక్క సీటామె. ఎవరు చేర్చుకోకపోతే అనేది బస్సులో అందరికీ తెలుసు.

పదో మనిషి దొరకలేదు. మిగతా వాళ్ళకి వ్యాపారి అంటే భయం. చివరికి అందరూ నా వైపు చూశారు. నేను పిక్క ముట్టుకుని ఎరగను. "నెల్లాళ్ళు కొట్టాలని రాసింది నువ్వే కదమ్మా" అంది అత్త, చెక్కసుత్తి నా చేతిలో పెడుతూ.

మొదటి వారం నేను కొట్టినదాంట్లో గుండు లేదు, బద్ద లేదు, అంతా నుగ్గు. చేతులకి ఆముదం ఎంత రాసుకున్నా పిక్కల్లోని జీడి అంటుకుని వేళ్ళు బొబ్బలెక్కి నల్లబడ్డాయి. నేను అన్నం వడ్డిస్తుంటే మా ఆయన నా చేతుల వంక చూసి కంచం వెనక్కి లాక్కునేవారు. "నోటితో కొట్టీ పనైతే నీయంత పనిమంతురాలు ఊళ్ళో లేదు" అనేది అత్త, పక్కనే కూర్చుని. అయినా నేర్పింది. పిక్కని నిలువుగా పట్టుకోవాలని, దెబ్బ ఒకటే వెయ్యాలని, వేసేముందు మాట్లాడకూడదని. మూడోది నాకు చాలా కష్టమయింది.

నెల నిండాక నా పేరు కలిపి మళ్ళీ దరఖాస్తు పెట్టాం. రిజిస్ట్రేషన్ కాయితం వచ్చింది. మొదటి సర్వసభ్య సమావేశం మా వసారాలోనే పెట్టాం. కోడలు కార్యదర్శి, మినిట్స్ పుస్తకం ఆమె ఒళ్ళో ఉంది. అత్త గంజిపెట్టిన చీర కట్టుకుని వచ్చి లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చుంది. "నానింకా సభ్యురాల్ని కాదు కదా" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో, బెంగ ఎంతో నాకు తెలియలేదు.

కోడలు అత్త దరఖాస్తు చదివింది. అర్హతలున్న మనిషిని కారణం లేకుండా కాదనకూడదనే నిబంధన ఉన్న పేజీలో నేను వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి అంటే తొమ్మిది చేతులు లేచాయి. కోడలి చెయ్యి పుస్తకం మీదే ఉంది. అత్త వీధిలోకి చూస్తోంది. కోడలు రాస్తున్న వాక్యం పూర్తిచేసి, చుక్క పెట్టి, కలంతో సహా చెయ్యెత్తింది.

"సేరిపోయారు. లోపలికి రండి" అంది. గోడతో కాదు, మనిషితోనే.

అత్త వచ్చి కూర్చుంది. తర్వాతి తీర్మానం, గుండ్లు ఏరే పని కోడలికి అప్పజెప్పడం. పది చేతులు లేచాయి. అత్త లేపలేదు. "నాను ఒప్పుకోను. దానికి తొందరెక్కువ. బద్దల్ని గుండ్లలో కలిపీస్తది" అంది.

"పదకొండు మందిలో పదిమంది ఒప్పుకున్నారు. తీర్మానం నెగ్గింది" అంది కోడలు.

"నెగ్గితే నెగ్గనీ. నా మాట రాసేవా?"

"రాసేను. ఒకరు వ్యతిరేకం."

"కారణం?"

"అదీ రాసేను. తొందరెక్కువ అని."

అత్తకి చదువు రాదు. పుస్తకం తనవైపు తిప్పించుకుని ఆ వాక్యం ఎక్కడుందో అడిగి, జీడిమచ్చల వేలు దాని మీద పెట్టి ఇంకోసారి చదవమంది. కోడలు చదివింది. అత్త తృప్తిగా తలూపి, తర్వాతి విషయం ఎత్తమంది.