పదివేల ఏడు

మొన్న నల్గొండ దవాఖానలో నాకిచ్చిన చీటీ మీద 10007 అని ఉంది. "అబ్బో, ఇది దేనికీ లొంగదు!" అని పైకే అనేశాను. చీటీలిచ్చే పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "తల గిట్ల తిరుగుతాందా అమ్మా?" అని అడిగింది. అది మా అక్క అంకె అని ఆ పిల్లకు ఏమని చెప్పను?

అరవై ఏళ్లు దాటిన మాట. మోత్కూరు దగ్గర మా ఊళ్లో మాకు గొర్రెలు, కొంచెం చెలక భూమి ఉండేవి. అక్కకు ఏడో తరగతి అయిపోయింది. పై చదువుకు నల్గొండలో మేనత్త ఇంట్లో ఉండాలి. బాపుకు ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పడమూ ఇష్టం లేదు. ఆయన ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివినవాడు, లెక్కలంటే మహా గర్వం. పలక మీద ఒక అంకె రాసిచ్చి, "ఒకటీ, అదీ గాక, దీంట్ల శేషం లేకుంట ఏ అంకె పోతదో చెప్పు బిడ్డా. చెప్తే పంపుత. లేకుంటే గొర్ల ఎంట పో" అన్నాడు.

ఎనిమిది రోజులు అక్క గుట్ట బండల మీద బొగ్గుతో భాగహారాలు చేసింది. గొర్రెలను మళ్లేసింది నేనే కనక ఆ గణితంలో నాకూ కొంత వాటా ఉందనే నా నమ్మకం. రెండు పోనిదాంట్లో నాలుగు పోదు, మూడు పోనిదాంట్లో తొమ్మిది పోదు అని ఎవరూ చెప్పకుండానే పసిగట్టింది. ఒకరోజు ఉన్నట్టుండి నా వీపు చరిచి, "నూరు దాటినంక చూసుడే అక్కర లేదే! పెద్దది పోతే దాని జోడు నూరు లోపల్నే దొరకాలె గద!" అంది. అట్లా వడకడితే మిగిలినవి ఇరవై ఐదు. అన్నీ చూసింది. ఒక్కటీ పోలేదు. ఇంటికి ఉరికి, "బాపూ, నీ పదివేల ఏడుల ఏదీ పోదు!" అని అరిచింది.

బాపు నవ్వాడు. "ఏడు పోతది."

"ఏడుకు నాలుగు మిగుల్తది బాపూ."

"పదివేల ఏడు ఎవలిచ్చిండ్రే? నేనిచ్చింది పదివేల అయిదు వందల ఏడు!"

పలక చూస్తే సంగతి తెలిసింది. మిగతా అంకెలు కొత్త తీరున రాసే బాపు, అయిదును మాత్రం పాత అలవాటు కొద్దీ ఉర్దూలో గుండ్రంగా చుట్టేవాడు. అక్క దాన్ని సున్నా అనుకుంది. "అంకె మారింది గని నా లెక్క తప్పు గాదు" అంది. బాపు ఆ ఇరవై ఐదు భాగహారాలూ తానే చేసి చూశాడు. తప్పు దొరకలేదు. అయినా "అడిగింది చెప్పలే గద, మాట మాటే" అని లేచిపోయాడు. అక్క ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే బాపు మీద ఒళ్లు మండుతుంది.

మూడేళ్లకు నా ఏడో తరగతి అయిపోయింది. ఈసారి బాపు ఏ లెక్కా ఇవ్వలేదు. నా పెట్టె తానే ఎత్తుకున్నాడు. అక్క గొర్రెలను ఆపి బస్సు దాకా వచ్చి, "లెక్కలల్ల ఎన్కకు పడకే" అని మాత్రం అంది. నేను పడలేదు. లెక్కల పంతులమ్మనయ్యాను. నూరు దాటి చూడనక్కర లేదని ఏటేటా నల్లబల్ల మీద రాసి చూపిస్తే పిల్లలు నోళ్లు తెరిచి, "మీరెట్ల కనిపెట్టిండ్రు టీచర్?" అని అడిగేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. అది మా అక్క కనిపెట్టిందని చెప్పడానికి ముప్పై ఏళ్లలో నాకు ఒక్క నిమిషం తీరిక దొరకలేదు.