బందరు ప్యాసింజర్లో మోగిన క్యాసెట్

వాక్‌మన్‌ల రోజులవి. గుడివాడలో బందరు ప్యాసింజర్ ఎక్కగానే ఎదురు సీటాయన జేబులోంచి క్యాసెట్ తీశాడు. మంగినపూడిలో సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషట.

"పోయిన మా ఆడమనిషి పాడిన పాట బాబూ. టేపు తెగితే స్టేషన్ ఎదురు షాపులో అతికించి ఇచ్చారు. ఒక్కసారి వినిపిస్తావా?"

క్యాసెట్ నా వాక్‌మన్‌లో వేసి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టి ప్లే నొక్కాను. ఊపిరి తిప్పుకోనివ్వని డ్రమ్స్, మెలికలు తిరిగే గిటార్లు, మధ్యలో ఒకడి గర్జన నాదాకా వినిపించాయి. అది నేను పొద్దున అదే షాపులో రికార్డు చేయించుకున్న థ్రాష్ మెటల్ రాక్ ఆల్బమ్! రైలు టైమైపోతోందని షాపాయన్ని తొందరపెట్టింది నేనే. ఆ కంగారులో నా ఖాళీ క్యాసెట్ బదులు ఈయనదాని మీద ఎక్కించేశాడు; నా సంచిలో ఉన్నది ఖాళీదే.

"రెండో వైపేమో చూడు బాబూ."

తిప్పి పెట్టాను. అదే గర్జన.

"పోన్లే, ఉండనీ. వీళ్ల గోల అయ్యాక వస్తదేమో" అని, హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో అదిమి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆ ఆల్బమ్ రెండు వైపులా నిండుగా పడుతుందని నాకు తెలుసు. పెడన దాటినా ఆయన అలాగే వింటున్నాడు. టేపు చివరికి రాకముందే బ్యాటరీలు అయిపోతే బాగుండునని నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.