నాను ఎయిటీ అన్నేదు

మాది కంచరపాలెం, రైలు పట్టాల పక్కనే ఇల్లు. పోయిన ఏడాది మా అబ్బాయి వంశీ, వాడి స్నేహితుడైన వన్‌టౌన్ కుర్రాడు రఫీ కలిసి క్లబ్బుల్లో వేసే టెక్నో రికార్డు ఒకటి చేశారు. అందులో పాట ఉండదు, అంతా దడదడే. గూడ్సు బండి చప్పుడు కోసం కిటికీలో మైకు పెట్టుకుని కూర్చున్నారు. సంగతి తెలియక నేను వంటింట్లోంచి అరిచాను. "ఏటి? ఏటి సేత్తన్నార్రా? సేపల పులుసు సల్లారిపోతంది!"

కొన్నాళ్లకు రఫీ ఫోన్లో వీడియో చూపించాడు. బెంగళూరు క్లబ్బులో కుర్రకారు గెంతుతున్నారు. బండి చప్పుడు మధ్యలో "ఏటి? ఏటి?" అంటూ నా గొంతే! తెలుగు రాని ఆ పిల్లలు చేతులెత్తి "ఎయిటీ! ఎయిటీ!" అని కేకలు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాను ఎయిటీ అన్నేదు, ఏటి అన్నాను!" అని కసిరాను.

రఫీ మెల్లగా మైకు నా ముందుకు జరిపాడు. "పిన్నీ, ఇంకోపాలి అనవా?"

చీపురు పట్టుకుని ఇద్దర్నీ వీధిలోకి తరిమాను. ఇప్పుడు మాత్రం వాళ్లని భోజనానికి పిలిచే ముందు మైకు ఎక్కడుందో చూసుకుంటాను. కనబడితే కాస్త గొంతు సవరించుకుంటాను.