మూఢంలో గీసిన ప్రేమకథ

కోదాడలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే అన్న పోయాడు. సరిత మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను సూర్యాపేట బస్టాండులో కరపత్రాలు పంచుతున్నాను. మఠంపల్లి దగ్గర ఒక పెళ్లి తీసి ఇంటికొచ్చాడట. కెమెరా బ్యాగు మేకుకు తగిలించి మంచినీళ్లు అడిగాడట. వదిన గ్లాసు తెచ్చేసరికి మనిషి లేడు. చేతిలో మిగిలిన కరపత్రాలు ఏం చేశానో నాకు గుర్తు లేదు. ఏడాదిగా ఆయనతో నేను మాట్లాడలేదన్న సంగతి ఒక్కటే గుర్తుంది.

మీలో కొందరు మా బొమ్మల సీరియల్ ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం చెబుతాను. మేం బడిలో ఉన్న రోజుల్లో టీవీలో తెలుగు మాటలతో ఒక విదేశీ కార్టూన్ వచ్చేది. అందులో కొయ్యపక్షి మీద ఎగురుతూ ఉత్తరాలు పంచే పిల్లవాడు ఒకడు, సముద్రపు గుట్ట మీద దీపస్తంభానికి కాపలా ఉండే పిల్ల ఒకతి. కథలో ఇద్దరివీ చిన్న పాత్రలే. రెండుసార్లు ఎదురుపడ్డారు. మూడోసారి కలుస్తారని కాచుకుని కూర్చుంటే ఛానల్ వాళ్లు ఆ కార్టూన్‌నే ఆపేశారు. కోదాడలో ఇంజనీరింగ్‌లో చేరాక, నా క్లాసులోనే ఉన్న సరితకూ ఆ బాధ ఇంకా తీరలేదని తెలిసింది. వాళ్లు ఆపేస్తే మిగతాది మనమే గీద్దాం అన్నాను. అనడం నాకు తేలిక. గీయడం ఆమెకు వచ్చు, ఆమె దగ్గర నేనూ నేర్చుకున్నాను.

నాలుగు వందల బొమ్మలయ్యాక, వాటిని కదిలించాలంటే మామూలు కంప్యూటర్ చాలదని అర్థమైంది. అంత పెద్ద సిస్టం ఊళ్లో పెళ్లి వీడియోల షాపుల్లోనే ఉండేది. రెండు షాపుల్లో నవ్వి పంపారు. మూడోది అన్న షాపు. ఆయన నవ్వలేదు. బొమ్మలన్నీ ఒక్కొక్కటే తిరగేసి, "ఈళ్లిద్దరు నిజంగనే ఇష్టపడ్డరా, మీరే అనుకుంటున్నరా?" అని అడిగాడు. మేం ఇద్దరం ఒకేసారి జవాబు చెప్పబోయి ఆగిపోయాం. అది తేల్చుకుని రండి, సిస్టం ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు. ముహూర్తాలు ఉన్నన్ని రోజులు దాన్ని ముట్టుకోకూడదు. ఆషాఢంలో, మూఢంలో మా ఇష్టం.

అలా పెళ్లిళ్లు ఆగిన నెలల్లోనే మేం గీసే ప్రేమకథ నడిచింది. చూసేవాళ్లు తర్వాతి భాగం ఎప్పుడని అడిగితే, మూఢం రావాలని సరిత జవాబు రాసేది. ముహూర్తాలు ఒట్టి అబద్ధమని చిన్న చిన్న పుస్తకాలు చదివి, చాయ్ హోటల్లో పెద్దవాళ్లతో కొట్లాటకు దిగేవాణ్ణి నేను. కొత్త క్యాలెండర్ రాగానే మూఢం ఎప్పుడు పడుతుందో మొదట చూసేదీ నేనే. అన్న అది కనిపెట్టాడు. "ఏం తమ్మీ, నువ్ నమ్మవు గదా, పంచాంగం తిరగేస్తున్నవేంది?" అన్నాడు. ఆ రోజంతా నాకు కోపం. మర్నాడు పొద్దున్నే షాపు తలుపు దగ్గర నిలబడ్డాను.

ట్యూబులైటు మీద కిటికీ అద్దం పెట్టి, పాత బొమ్మ మీద కొత్త కాగితం వేసి, జరిగినంత మేరకే జరిపి గీసేవాళ్లం. సెకనుకు పన్నెండు బొమ్మలు. అన్న తన కెమెరాను కిందికి చూసేలా బిగించి ఒక్కొక్కదాన్నీ ఫొటో తీసేవాడు. హైవే మీద లారీల మోత వినపడకుండా సరిత దుప్పటి కప్పుకుని ఆ పిల్ల మాటలు చెప్పేది. సముద్రం చప్పుడు ఎలాగా అని మేం తల పట్టుకుంటే, మీ మిర్యాలగూడ మొత్తం రైసుమిల్లులే కదా, నూకలు తెమ్మన్నాడు అన్న సరితను. చాటలో నూకలు పోసి మైకు దగ్గర అటూ ఇటూ ఊపాడు. మా సీరియల్లో మీరు విన్న అలలు అవే.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏ వీడియో అయినా మొదటిసారి సౌండ్ బంద్ చేసి చూసేవాడు. పాట పెడితే ప్రతీదీ మంచిగనే కనపడుతుంది, పాట లేకుండా నిలబడాలి అనేవాడు. మూడో భాగంలో ఆ పిల్లవాడు తన మనసు చెప్పడానికి నేను నాలుగు పేజీల మాటలు రాశాను. సమానత్వం, స్వేచ్ఛ అన్నీ పెట్టాను. అన్న చదివాడు. ఎప్పటిదో ఒక పెళ్లి ఫుటేజీ, భోజనాల దగ్గరిది, చప్పుడు లేకుండా పెట్టాడు. బంతిలో ఒక ముసలాయన, పక్కన ఆయన భార్య. ఆయన ఎటో చూస్తూ తన ఆకులోని అప్పడం తీసి ఆమె ఆకులో వేశాడు. ఆమె కూడా చూడకుండానే తినేసింది. "గిది ఎన్ని పేజీలు తమ్మీ?" అన్నాడు అన్న.

నా నాలుగు పేజీలూ పోయాయి. వాటి బదులు, ఉత్తరం ఇచ్చేటప్పుడు ఆ పిల్లవాడు సముద్రపు గాలి ఆమె ముఖానికి కొట్టకుండా ఒక అడుగు పక్కకు జరిగి నిలబడతాడు. పద్దెనిమిది బొమ్మలు. ఎక్కువమంది మెచ్చుకుంటూ మాకు రాసింది ఆ పద్దెనిమిది గురించే.

గొడవ ఆఖరి భాగం దగ్గర వచ్చింది. రాజు సైనికులు వచ్చి దీపస్తంభాన్ని తగలబెట్టినట్టు, ఇద్దరూ ఆ మంటల్లో నిలబడి ఊరి కోసం ప్రాణాలు ఇచ్చినట్టు రాశాను. అప్పట్లో త్యాగం లేని ప్రేమ నాకు ప్రేమలా కనిపించేది కాదు. అన్న కథ అంతా విని, "ఈ పిల్ల ఏడు భాగాల్ల ఒక్క పూటన్న అన్నం తిన్నదా?" అన్నాడు. నాకు మండింది. పెళ్లికూతురు ఏడుస్తుంటే ఆ ముక్క కోసేసి గులాబీలు చల్లేవాడివి, నీకు నిజంతో ఏం పని అనేశాను. సరిత నా చేయి పట్టుకు లాగింది. నేను ఆగలేదు.

అన్న గొంతు పెంచలేదు. "ఏడ్చింది ఆమె. పదిమందికి సూపెట్టనీకి నేనెవన్ని?" అన్నాడు. మళ్లీ తనే, "నా పని అప్పగింతలతోటి ఖతం తమ్మీ. కారు కదుల్తది, నేను కెమెరా బంద్ జేస్త. తెల్లారి ఆళ్లిద్దరు ఏం మాట్లాడుకున్నరో ఇరవై ఏండ్ల సంది నాకు తెల్వదు. మీ చేతిల పెన్సిలున్నది. గది గియ్యిండ్రి" అన్నాడు.

గీయనని చెప్పి సూర్యాపేటకు వచ్చేశాను. ఆషాఢం వచ్చింది, పోయింది. మూఢం వచ్చింది, పోయింది. సరిత ఎప్పుడు షాపుకు వెళ్లినా ఆయన నా ఆరోగ్యం అడగకుండా, ఆఖరుది గీసిండా అని అడిగేవాడట. ఆమె నాకు చెప్పేది. నేను వినేవాణ్ణి. తప్పు నాదేనని అప్పటికే తెలుసు. ఆ మాట అనడానికి కోదాడ బస్సెక్కాలి, అంతే. ఎక్కలేదు.

పదకొండో రోజున వెళ్లాను. వదిన నన్ను ఒక్క మాటా అనలేదు. కూర్చోమని సిస్టం ఆన్ చేసి చూపించింది. మా ఏడు భాగాలు, పనికిరాని ముక్కలతో సహా, అలాగే ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో జాగా చాలక తన పాత పనులు తీసేసేవాడు కానీ వీటిని ముట్టుకోనివ్వలేదని చెప్పింది. నేను తలదించుకుని, ఆఖరి భాగంలో ఏం గీయాలో ఇంకా తెలియదు వదినా అన్నాను. ఆమె తెర మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత, నాకు చెబుతున్నట్టు కాకుండా చెప్పింది.

"మా పెండ్లి మాఘంల అయింది. తెల్లారే హుజూర్‌నగర్‌ల ఇంకో పెండ్లి ఉన్నదని కెమెరా తీసుకొని పోయిండు మీ అన్న. పొద్దుమీకి ఒచ్చి, కాళ్లు గూడ కడుక్కోకుంట గడప మీద కూసొని, పొద్దంత ఏం జేసినవని అడిగిండు. ఏమున్నది చెప్పనీకి? బియ్యం ఏరిన, బట్టలు ఆరేసిన. అయినా చెప్పుకుంట పోయిన. ఇన్నడు. మొన్న మొన్నటిదాంక గదే అడిగేటోడు."

సరితా నేనూ ఇప్పుడు ఆఖరి భాగం గీస్తున్నాం. సైనికులు రారు. పొద్దు వాలుతుంటే పిల్లవాడు కొయ్యపక్షి దిగి, దీపస్తంభం మెట్టు మీద కూర్చుంటాడు. పొద్దంతా ఏం చేశావని అతని పెదవులు ఒక్కసారి కదులుతాయి. ఆ తర్వాత అరవై బొమ్మల వరకు అతను కదలడు. అదే ముఖం, ఆమె వైపు కొంచెం వంగి. ఆమె దీపం అద్దం తుడుస్తూ చెబుతూ ఉంటుంది. మసి అంటిన ఆ రెండు చేతులూ గాలిలో ఏదో ఏరుతాయి, ఏదో ఆరేస్తాయి.