టై కట్టుకున్న డల్సిమర్ వాద్యకారుడు

పెట్రోలు కొరతతో బంకుల ముందు కార్లు బారులు తీరిన ఏడాది అది. అందుకే నేనూ మా ఆవిడ సరళా వాషింగ్టన్‌లో పొద్దున్న ఏడింటి బస్సు ఎక్కాం. కొండల మధ్య ఓ చిన్న ఊళ్లో జరిగే 'అసలైన కొండ సంగీతం' ఉత్సవానికి వెళ్లమని మా ఆఫీసులో ఒకాయన ఊరించాడు. సరళ వీణ వాయిస్తుంది. డల్సిమర్ అనే అక్కడి తీగవాద్యం కూడా ఒళ్లో పెట్టుకుని మీటేదే అని తెలిశాక ఆమెను ఆపడం నా వల్ల కాలేదు.

పక్క సీట్లో ఎడ్నా అనే పెద్దావిడ మాండొలిన్ పెట్టె పట్టుకుని కూర్చుంది. తమ్ముడు క్లైడ్ డల్సిమర్ వాయిస్తాడట. "ఇన్నేళ్లకి మమ్మల్ని వేదిక మీదికి పిలిచారు. మా అమ్మ నేర్పిన పాటలు వినిపిస్తాం" అంది మురిసిపోతూ.

మధ్యాహ్నం దిగాం. మైదానం నిండా గడ్డిమోపులు. చుట్టుపక్కల ఆవన్నది లేదు. వేదిక మీద అక్కడి రైతులు తొడుక్కునే మాసికల ఓవరాల్స్ వేసుకుని, చెప్పుల్లేకుండా నలుగురు గంతులేస్తున్నారు. ఆ మాసికలు కొత్త గుడ్డ మీద మిషనుతో కుట్టినవి. మాండొలిన్ ఆయన వాయించే వేగం చూస్తే ఎవరో తరుముతున్నట్టుంది. భోజనం చల్లారిన చిక్కుళ్లు, పొడి రాలే మొక్కజొన్న రొట్టె.

క్లైడ్ నల్ల సూటు, టైతో వచ్చాడు. ఛాతీకి రిబ్బను తగిలించుకున్న నిర్వాహకుడు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఈ బట్టలతో కుదరదు. ఓవరాల్స్ ఇస్తాం, వేసుకోండి."

"నేనెప్పుడూ ఇలాగే వాయిస్తాను."

"చూసేవాళ్లు నమ్మరండీ!"

అంతలో నిర్వాహకుడి కళ్లు సరళ చీర మీద పడ్డాయి. "మేడమ్, మీరు డల్సిమర్ పట్టుకుని వేదిక మీద కూర్చోండి. ఫొటో అదిరిపోతుంది."

"నాకు వాయించడం రాదు."

"రానక్కర్లేదు."

సరళ నా వైపు తిరిగింది. "ఏమండీ, మ్యూజిక్ ఫెస్టివల్ రన్ చేసేవాడికి చెవులు అక్కర్లేదా?" అని, నిర్వాహకుడితో ఇంగ్లీషులో, "ఆయన్ని ఆ టైతోనే ఎక్కించండి, పక్కన నేనూ కూర్చుంటాను" అంది. ఆయన అదేదో జోకన్నట్టు నవ్వి వెళ్లిపోయాడు.

ఎడ్నా మాండొలిన్ పెట్టె మూసేసింది. "రేపు పదింటికి చర్చికి రండి" అన్నాడు క్లైడ్.

సాయంత్రం బస్సు మానుకుని ఊళ్లో ఉన్న ఒక్క మోటెల్‌లో దిగాం. అక్కడి ఏసీ రొద, మైదానంలోని బృందం కంటే శ్రుతిలో ఉంది.

ఆదివారం చర్చిలో పాతికమంది లేరు. క్లైడ్ ఒక తీగ మీద పాట నడిపిస్తుంటే మిగతా తీగలు తంబురాలా మోగాయి. ఎడ్నా రెండుచోట్ల తడబడింది. అయినా తల్లి నేర్పిన పాట వచ్చేసరికి నేను ఇంకో రెండు బెంచీలు ముందుకు జరిగాను.

ప్రార్థన ముగిశాక క్లైడ్ డల్సిమర్ తెచ్చి సరళ ఒళ్లో పెట్టాడు. "ఇప్పుడు మీ పాట." ఆమె తడుముకుని తడుముకుని మోహన రాగం స్వరాలు పట్టుకుంది. కాసేపటికి ఎడ్నా మాండొలిన్ వెనకే వచ్చింది. వెళ్లబోతున్నవాళ్లు మళ్లీ బెంచీల మీద కూర్చున్నారు.

తిరుగు బస్సులో, ఉత్సవంలో కొన్న కొత్త గడ్డి టోపీ పెట్టుకున్న ఒకాయన, "ఎంత అసలైన మనుషులో!" అని భార్యతో మొదలుపెట్టాడు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. సరళ కిటికీకి తల ఆనించి, ఒళ్లో వేళ్లతో ఏదో మీటుకుంటూ ఉండిపోయింది.

ఆ ఊరు వెళ్లదలచిన వారికి నా సలహా: శనివారం రాత్రికి చేరి, భోంచేసి పడుకోండి. మైదానం వైపు వెళ్లకండి. పొద్దున్నే చర్చి తలుపు తెరిచే ఉంటుంది.